సన్యాసమ్మ బిందె మీద చివరి చుక్క

కార్తీక మాసం, రెండో గురువారం. విజయనగరంలో గోవిందు దుకాణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ ఉన్నవాళ్ళు: నేను, మా అక్క సన్యాసమ్మ, అక్క పెంచిన గోవిందు, గోవిందు భార్య పద్మ. వాళ్ళ పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఐదో మనిషి లేడు. తర్వాత విన్నవాళ్ళంతా మొదట అడిగింది ఇదే గనక ముందే రాసి పెడుతున్నాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సంతల్లో వ్యాపారి ఒట్టు వేస్తే వినేవాణ్ణి కాను, కాటా తీసి చూసేవాణ్ణి. చీకటిపడ్డాక శ్మశానాల పక్క నుంచి సైకిలు మీద ఎన్నో ఊళ్ళు తిరిగి వచ్చాను. ఏమీ కనబడలేదు. కనబడుతుందని భయపడనూ లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. అలాంటి నేను ఇది రాయాల్సి వచ్చింది. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

మా నాన్న కంచరి. వంశధార ఒడ్డున మా ఊరు. శివరాత్రికి శ్రీముఖలింగం నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాళ్ళం. ఇంటి వసారాలోనే కొలిమి. ఇత్తడి బిందెలు, చెంబులు, గంగాళాలు చేసేవాడు. చేసిన వాటి మీద పేర్లు కూడా ఆయనే కొట్టేవాడు.

ఇప్పటివాళ్ళకు ఆ పని తెలియదు. ఉలితో గీత గీయడం కాదు. చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే అక్షరం అవుతుంది. కొట్టే ముందు బిందె నిండా తడి ఇసుక కూరేవాడు. లోపల గట్టిగా ఉంటే దెబ్బకి రేకు లొట్టపోదు. ఉలి ఆనించాక దాని తల మీద రెండు చిన్న తట్లు, తర్వాత ఒక అసలు దెబ్బ. టిక్ టిక్ టక్. మళ్ళీ టిక్ టిక్ టక్. మా చిన్నతనమంతా ఆ చప్పుడులోనే గడిచింది. నేను ఎక్కాలు అప్పజెప్పింది కూడా ఆ తాళానికే.

ఆయన ఉలి మొన ఒక పక్క విరిగి ఉండేది. అందుకని ప్రతి చుక్కకూ ఒక చిన్న తోక వచ్చేది, మొలక వచ్చిన పెసరగింజలాగ. కొత్త ఉలి చేసుకోమని అమ్మ పోరేది.

"తోకుంటేనే నాదని తెలుస్తాది, ఉండనీ" అనేవాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తాతల నాటిది. ఆడపిల్లకు పెళ్ళిలో ఇచ్చే బిందె మీద పేరు కొట్టి, పేరు చివర ఒక చుక్కల పువ్వు వేస్తారు. ఆ పువ్వులో ఒక్కో చుక్కా ఒక్కో రేకు, అందులో ఒకటి తక్కువ ఉంచుతారు. పిల్ల మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, పురుడు తీరాక, ఆ బిందె తెప్పించి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూచోబెట్టి, మిగిలిన ఆ ఒక్క చుక్కా కొడతారు. ఉలి చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి ఏడిస్తే నాన్న తెగ సంబరపడేవాడు. ఊళ్ళో మిగతా ఆడపిల్లలకు కూడా అలాగే చేసేవాడు. పువ్వు చూస్తే చాలు, ఆ ఇల్లాలు తల్లి అయిందో లేదో తెలిసిపోయేది.

అక్కకు విజయనగరం సంబంధం. బావ జనపనార మిల్లులో పనిచేసేవాడు, ఇప్పుడు లేడు. నాన్న చేసిచ్చిన బిందె మీద 'చి.సౌ. సన్యాసమ్మ' అని పేరు, పక్కన పువ్వు. రేకు ఒకటి తక్కువ.

అక్కకు పిల్లలు పుట్టలేదు. మొక్కని దేవుడు లేడు, తాగని కషాయం లేదు. ఇంతలో బావ తమ్ముడి భార్య, పాలు తాగే పిల్లాడుండగానే జబ్బు చేసి చనిపోయింది. ఆ పిల్లాడే గోవిందు. అక్క వాణ్ణి ఎత్తుకుంది, ఇక దించలేదు.

వాణ్ణి తీసుకుని మొదటిసారి పుట్టింటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. బిందె కూడా తెమ్మని నాన్న ముందే కబురు పెట్టాడు. ఇసుక కూరాడు. ఉలి తీశాడు. అక్క పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఉలి ఆనించబోయే సమయానికి పువ్వు మీద అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"వద్దు నాన్నా. వీణ్ణి కన్నది నాను కాదు. అది పోయి ఏడాదైనా అవనేదు. దాని సోటు నాకొద్దు."

నాన్న ఆ చెయ్యి వంక కాసేపు చూశాడు. ఉలి పక్కన పెట్టాడు.

"సరేనమ్మా. సుక్క ఎక్కడికీ పోదు. నీకెప్పుడు కావాలంటే అప్పుడు కొడతాను."

తర్వాత కొన్నేళ్ళకు నాన్న పోయాడు. కొడుకు కొలిమి పట్టనప్పుడు తండ్రి ఉలిని ఏటికి ఇచ్చేయాలని మా వాళ్ళ ఆచారం. నేను ఉద్యోగంలో పడ్డాను. అస్థికలతో పాటు ఆ ఉలిని వంశధారలో నేనే వదిలాను. అది మునగడం నా కళ్ళతో చూశాను. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

గోవిందు చేత అక్క ఎప్పుడూ పెద్దమ్మ అనే పిలిపించుకుంది. చిన్నప్పుడు జ్వరంలో వాడు అమ్మా అని కలవరిస్తే, లేపి కూచోబెట్టి గోడ మీద ఫొటో చూపించి "అమ్మ అదిగో, నాను పెద్దమ్మని" అన్న మనిషి. వాడి పెళ్ళిలో పీటల దగ్గరకు రాలేదు. వంటవాళ్ళ మీద అజమాయిషీ చేస్తూ పెరట్లోనే ఉండిపోయింది. పద్మ కాపురానికి వచ్చిన రోజు నుంచీ అత్తా అని పిలుస్తుంది. దానికి మాత్రం పలుకుతుంది. కోడలికి అత్త అయినప్పుడు కొడుక్కి అమ్మ ఎందుకు కాదో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, "నీ కాటాలు నువ్వు సూసుకోరా సిమ్మాచలం" అనేది.

గోవిందు మొదట్లో రబ్బరు ముద్రలు చేసేవాడు. తర్వాత స్టీలు గిన్నెల మీద కరెంటు పెన్నుతో పేర్లు రాసేవాడు. ఆ తర్వాత లేజర్ మిషన్ పెట్టాడు. ఇంటి పేరు పలకలు, గుడి గంటల మీద దాతల పేర్లు, షీల్డులు, అన్నీ ఇత్తడి మీద చెక్కుతాడు. తాత పని మనవడికి వచ్చిందని నేను అంటే, "ఇది కంప్యూటర్ పని మావయ్యా" అని నవ్వుతాడు. ఇప్పుడు మందపాటి ఇత్తడి రేకుల్ని కోసే పెద్ద మిషన్ తెప్పించాడు. శుక్రవారం ఉదయం పూజ చేసి ప్రారంభించాలి. వాడికి కావలసింది ఒక్కటే. మొదటి బటన్ అక్క నొక్కాలి. తల్లి స్థానంలో నిలబడి నొక్కాలి.

అక్క ససేమిరా అంది. "పదిమందిలో నన్నెందుకురా నిలబెడతావు. పద్మ సేత నొక్కించు" అంది. వాడు మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆవిడ మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. వాడు నన్ను పిలిపించింది కూడా అందుకే, నేను చెబితే వింటుందని. ఆవిడ నా మాట ఎప్పుడు వింది గనక.

వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ బిందె అడుగు చిల్లులు పడి అటక మీద ఉంది. పేరున్న ముక్కను లేజరుతో కోసి తీసి, చట్రం కట్టించి, కొత్త మిషన్ పైన గోడకు పెడతానన్నాడు. పాత సామాన్లవాడి పాలు కాకుండా పేరైనా మిగులుతుంది కదా అని అక్క దీనికి ఒప్పుకుంది.

ఇక గురువారం సంగతి.

భోజనాలయ్యాక మేం నలుగురం కింద దుకాణంలో చేరాం. అక్కకు మెట్లు దిగడం కష్టం. ఒక పక్క నేను, ఒక పక్క పద్మ పట్టుకుని దించాం. గోవిందు ముందుగా ఒక చిన్న కొత్త ఇత్తడి రేకు ఆవిడ చేతిలో పెట్టాడు. బిందె మీది పేరును ఫొటో తీసి, కంప్యూటర్లో గీసి, దాని మీద చెక్కాడట. కోసేటప్పుడు అసలుకు ఏమైనా అయితే ఇదైనా ఉంటుందని. చుక్కలు, తోకలు, అన్నీ అచ్చంగా వచ్చాయి. అక్క కళ్ళజోడు సర్దుకుని చూసింది. వేలు పేరు మీదుగా నడిచి పువ్వు దగ్గర ఆగింది.

"ఇదేటిరా?"

"పువ్వు పెద్దమ్మా. ఒక రేకు అరిగిపోనాది, నానే నింపీసాను."

"అరిగిపోనాదని నీకెవుడు సెప్పాడు?"

వాడు నా వైపు చూశాడు. అక్క ఆ రేకును బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"నింపమని నిన్నెవుడడిగాడు?"

కోపం వస్తే అక్క గొంతు తగ్గుతుంది. పద్మ చేతిలోని కాఫీ గ్లాసులు చేతిలోనే ఉండిపోయాయి. అప్పుడు నేను ఆ పద్ధతి గురించి చెప్పాను. వాడికి ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. నాన్న ఉలి తీయడం, అక్క చెయ్యి అడ్డం పెట్టడం, అన్నీ చెప్పాను. వాడు బోర్లా పెట్టిన రేకును తిరగేసి పువ్వు వంక చూశాడు.

"అయితే ఆ ఒళ్ళో ఉన్నది నానేనా?" అన్నాడు.

"కాక మీ మావయ్యనుకున్నావా" అంది అక్క. "మూతి నిండా పాలు కక్కుకుని తాత మీసం పీకుతున్నావు."

"మరి తాత కొడతానంటే వద్దన్నావేటి?"

అక్క మిషన్ వైపు చెయ్యి చూపించింది. "ముందు కొయ్యి. కరెంటు పోతాది" అంది.

కొయ్యడానికి వాడు తన పాత చిన్న మిషన్నే వాడాడు. బిందెను మెల్లగా తిప్పే పట్టులో బిగించాడు. ముందు మెడ దగ్గర ఒక మూల కోసి చూశాడు. మాకు రంగు కళ్ళజోళ్ళు ఇచ్చాడు.

"ఇత్తడి అద్దంలాంటిది మావయ్యా. మనం కొట్టిన వెలుగుని తిరిగి మన మీదకే కొడతాది. దీనితో జాగర్తగా ఉండాల" అన్నాడు.

"ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిచ్చీడం మంచి బుద్ధే కదరా" అంది అక్క.

మొదట ఒక సన్నటి ఎర్రటి కాంతి పేరు చుట్టూ తిరిగి హద్దు చూపించింది. తర్వాత సన్నటి కూత మొదలైంది. ఒకే గీత మీద వెలుగు మళ్ళీ మళ్ళీ నడిచింది. నాన్న పొద్దంతా కొట్టే పేరును ఇది రెప్పపాటులో చెక్కుతుందని గోవిందు అంటుంటాడు గాని, ఈ పాత రేకు దగ్గర మాత్రం నిదానంగానే నడిపించాడు. వేడెక్కిన ఇత్తడి వాసన వచ్చింది. నేను కళ్ళు మూసుకుంటే మా వసారాలో ఉన్నాను. కళ్ళు తెరిచి అక్కను చూశాను. ఆవిడ కళ్ళు కూడా మూసే ఉన్నాయి.

ముక్క క్షేమంగా వచ్చింది. వంపు తిరిగి దోసిలిలా ఉంది. గోవిందు అంచులు ఆకురాయితో నున్నగా చేశాడు. అక్క చింతపండు, ఉప్పు తెప్పించుకుని తానే తోమింది. నేను నా పొందూరు తువ్వాలు బల్ల మీద పరిచి దాని మీద పెట్టాను. నా ఉద్యోగం నాటి భూతద్దం ఇప్పటికీ సంచిలో ఉంటుంది. దానితో చూశాను. పువ్వులో ఖాళీ ఖాళీగానే ఉంది. గోరు పెట్టి రాసి కూడా చూశాను. నున్నటి ఇత్తడి. మిగతా ముగ్గురూ చూశారు. పద్మ అయితే దాని మీద బొట్టు పెట్టబోయి, ఖాళీ మూసుకుపోతుందని మానేసింది.

సాయంత్రం గోవిందు మెయిన్ స్విచ్ కట్టేసి, షట్టరు దించి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అది వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. అందరం మేడ మీదకు వెళ్ళాం.

మర్నాడు శుక్రవారం. తెల్లవారింది. పద్మ కింద షట్టరు ముందు ముగ్గు వేస్తోంది. నేను మేడ మీద కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. అప్పుడు కింద నుంచి వినిపించింది.

టిక్ టిక్ టక్.

నా చేతిలో నీళ్ళు చేతిలోనే ఉన్నాయి. భయం కాదు నాకు కలిగింది. రెండో చుక్క కోసం ఎదురు చూశాను. చిన్నప్పుడు చాప మీద పడుకుని తర్వాతి దెబ్బ కోసం ఎలా చూసేవాణ్ణో అలాగ. అది రాలేదు. ఆ ఒక్కటే.

గదిలో నుంచి అక్క నిద్ర మత్తులో అంది. "ఒరే తమ్ముడా, నాన్న లేసినట్టున్నాడు. కాఫీ ఎట్టమను."

ఒక్క క్షణం ఆగి, మంచం కిర్రుమంది. లేచి కూచున్నట్టుంది. 

గోవిందు పక్క గదిలో నిద్రపోతున్నాడు. పద్మ మెట్లెక్కి వచ్చి లేపింది. కింద ఏదో కొట్టిన చప్పుడైందని, పక్కింటివాళ్ళేమో అనుకుని చూస్తే వాళ్ళ తలుపులు ఇంకా తెరవలేదని చెప్పింది. షట్టరు ముందే ముగ్గు వేస్తున్న మనిషి ఆమె. ఎవరూ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. దుకాణానికి వేరే దారి లేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది.

అక్కను కూడా దించుకుని వెళ్ళాం. గోవిందు తాళం తీశాడు. మెయిన్ స్విచ్ కట్టేసే ఉంది. ముక్క నా తువ్వాలు మీద పెట్టిన చోటే ఉంది. దాని కింద చారెడు ఇసుక. తడిగా.

పువ్వు నిండి ఉంది.

భూతద్దం తీశాను. కదలకుండా బల్లకు ఆనించి పట్టుకున్నాను. లేజరు చేసిన గుంట ఎలా ఉంటుందో వాడి కొత్త రేకు మీద ఉంది. అది లోహాన్ని కాల్చి తీసేస్తుంది, అంచు నల్లబడుతుంది. ఇది అలా లేదు. లోహం పక్కకు ఒత్తుకుని చుట్టూ సన్నటి గట్టు లేచింది. వెనక వైపు మిగతా చుక్కల్లాగే చిన్న బుడిపె. రేకు లొట్టపోలేదు. చుక్కకు తోక ఉంది. మిగతా తోకలు ఎటు తిరిగాయో అటే తిరిగి ఉంది. పాత చుక్కలు చింతపండుతో తోమినా ముదురు రంగులోనే ఉన్నాయి. ఇది మాత్రం నిన్న కాచిన ఇత్తడిలా మెరుస్తోంది.

దుకాణమంతా వెతికాను. సుత్తి ఉంది, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. వాటితో అలాంటి చుక్క రాదు. గోవిందు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మావయ్యా, నాను కాదు. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఒట్లు నమ్మనని ముందే రాశాను. కానీ వాడి ముఖం చూశాను. నమ్మాను.

అక్క కుర్చీలో కూచుని ముక్కను ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలితో ఆ చుక్కను రాస్తూ ఉండిపోయింది.

"నీకెప్పుడు కావాలంటే అప్పుడన్నాడు" అంది. "నాను అడగనేదు కదరా సిమ్మాచలం."

"అడిగే ఉంటావు అక్కా" అన్నాను.

ఆవిడ కాదనలేదు.

ఇంతలో పూజకు మనుషులు రావడం మొదలైంది. భోగాపురం వైపు నుంచి పడవ యజమాని ఒకాయన వచ్చాడు. కొత్త పడవ ముందు భాగానికి ఇత్తడితో పేరు కోయించుకోవాలి. పెద్ద మిషన్ మీద మొదటి పని ఆయనదే. కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. పద్మ బటన్ దగ్గరకు వెళ్ళబోయింది. అక్క కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ముక్కను చంకలో పెట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ ముందుకు వస్తోంది. ఆ పడవ యజమాని దారికి అడ్డంగా ఉన్నాడు.

"ఈ ముసలమ్మగారెవరు బాబూ?" అని అడిగాడు గోవిందును.

గోవిందు పెద్దమ్మ అని చెప్పడానికి నోరు తెరిచాడు.

"వీడమ్మని" అంది అక్క. "కాస్త జరుగు నాయనా, బటన్ నొక్కాల."

ఆయన జరిగాడు. గోవిందు అక్కడే నిలబడిపోయాడు. నలభై దాటిన మనిషి, జుట్టు నెరిసినవాడు, ఏం చెయ్యాలో తెలియక పంచె అంచు నలుపుకుంటున్నాడు.

"ఎక్కడ నొక్కాలో సూపించరా" అంది ఆవిడ.

"ఇక్కడమ్మా" అన్నాడు వాడు. ఆ రెండు మాటలు చెప్పడానికి వాడికి చాలాసేపు పట్టింది.

ఆవిడ నొక్కింది. మిషన్ కూత మొదలైంది.

ఆ ఇసుకను నేను తువ్వాలు కొసలో మూటగట్టి తెచ్చుకున్నాను. పాత తూనికరాళ్ళ పెట్టెలో పెట్టాను. దాన్ని వంశధార ఇసుక అని నేను రుజువు చేయలేను. కాదని కూడా చేయలేను. మునిగిపోయిన ఉలి ఎలా వచ్చిందో, తాళం వేసిన గదిలో ఆ దెబ్బ ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. చప్పుడు విన్న మాట మాత్రం నిజం. ఆ ఉదయం కళ్ళు మూసుకుని ఇంకో చుక్క కోసం ఎదురు చూసిన మాట కూడా నిజం.